ఇంకా ఎంతమంది? – వియత్నాం కొండల్లో సైన్యం లెక్క

సాంఘికశాస్త్రం చెప్పే టీచర్లకు వియత్నాం పాఠం కొత్త కాదు. ఫ్రెంచివాళ్ళ పాలన, హోచిమిన్, దియన్ బియన్ ఫు, దేశం రెండు ముక్కలు కావడం, అమెరికా దిగడం, బాంబులు, ఏజెంట్ ఆరెంజ్, చివరికి 1975లో సైగాన్ పడిపోవడం. రెండు మూడు పీరియడ్లలో అయిపోతుంది. పిల్లలు మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా వేస్తారు. అంత పెద్ద అమెరికా అంత చిన్న దేశంలో ఎట్లా ఓడిపోయింది సార్, అని. ప్రజలు పట్టు విడవకుండా పోరాడారు కాబట్టి అని చెప్తాం. ఆ జవాబు సరైనదే. కానీ అమెరికా లోపల ఏం జరిగిందో కూడా పిల్లలకు చెప్పాలి. సైన్యం పంపాలా వద్దా, పంపితే ఎంత, ఇంకా ఎంత అని అక్కడి అధ్యక్షులు, మంత్రులు, జనరల్స్ పద్నాలుగేళ్ళు వాదించుకున్నారు. వద్దన్నవాళ్ళలో యుద్ధాలు చేసి వచ్చిన జనరల్స్ కూడా ఉన్నారు.

ఇంకో సంగతి ఉంది. ఆ సైన్యం పోరాడిన నేలలో పెద్ద భాగం కొండజాతుల నేల. వాదనలో వాళ్ళ ఊసు దాదాపు లేదు. ఆదివాసీలం కాబట్టి ఆ చరిత్ర చదువుతుంటే మనకు ముందు కనబడేది ఆ ఖాళీయే.

మొదటి వాదన 1954లో జరిగింది. దియన్ బియన్ ఫు దగ్గర ఫ్రెంచి సైన్యం ముట్టడిలో చిక్కుకుంది. అమెరికా విమానాలతో బాంబులు వేసి వాళ్ళను కాపాడదామని అమెరికా సేనాధిపతుల సంఘానికి అధ్యక్షుడైన అడ్మిరల్ రాడ్‌ఫర్డ్ అన్నాడు. సైన్యాధిపతి జనరల్ రిడ్జ్‌వే ఒప్పుకోలేదు. ఆయన కొరియా యుద్ధంలో సైన్యాన్ని నడిపి వచ్చినవాడు. విమానాలతో మొదలుపెడితే నేల మీదికి మనుషులు దిగక తప్పదని ఆయనకు తెలుసు. అందుకని మాటలతో ఊరుకోకుండా నిపుణుల బృందాన్ని పంపి అక్కడి ఓడరేవులు, రోడ్లు, వాతావరణం, రోగాలు అన్నీ పరిశీలింపజేశాడు. అక్కడ యుద్ధం చేయాలంటే ఎంత ఖర్చు, ఎంత మంది అనే లెక్క తయారైంది. అధ్యక్షుడు ఐసన్‌హోవర్ వెనక్కి తగ్గాడు. బ్రిటన్ కలిసి రాకపోవడం కూడా ఒక కారణం. మే 7న దియన్ బియన్ ఫు పడిపోయింది. లెక్క ముందు వేసి నిర్ణయం తర్వాత తీసుకున్నది ఆ ఒక్కసారే అని మా అభిప్రాయం. ఆ తర్వాత నిర్ణయం ముందు, లెక్క వెనక.

కెన్నెడీ కాలంలో మాట మారింది. సైన్యాన్ని పంపడం లేదు, సలహాదారులను పంపుతున్నాం అన్నారు. 1961 మొదట్లో వెయ్యి కూడా లేని సలహాదారులు 1963 చివరికి 16,000 అయ్యారు. 1961లో జనరల్ మాక్స్‌వెల్ టేలర్ దక్షిణ వియత్నాం తిరిగి వచ్చి, వరద సహాయం పేరుతో 8,000 మంది సైనికులను దించుదామని సలహా ఇచ్చాడు. మెకాంగ్ నదికి ఆ ఏడాది వరద వచ్చింది. కెన్నెడీ దానికి ఒప్పుకోలేదు, సలహాదారులను మాత్రం పెంచాడు. విదేశాంగ శాఖలో జార్జ్ బాల్ అనే అధికారి ఉండేవాడు. ఈ దారిలో పోతే అయిదేళ్ళలో మూడు లక్షల మంది అమెరికన్లు ఆ పొలాల్లో, అడవుల్లో ఉంటారని ఆయన కెన్నెడీతో అన్నాడు. కెన్నెడీ ఆ మాటను పిచ్చి మాట అని కొట్టిపారేశాడు. అయిదేళ్ళ తర్వాత, 1966 చివరికి, అక్కడున్న అమెరికా సైనికులు 3,85,000 మంది.

ఆ అయిదేళ్ళలో లెక్క ఎట్లా పెరిగిందో పిల్లలకు నల్లబల్ల మీద మెట్లుగా గీసి చూపించవచ్చు. 1964 ఆగస్టులో టోంకిన్ సింధుశాఖలో తమ ఓడల మీద దాడి జరిగిందని చెప్పి అధ్యక్షుడు జాన్సన్ పార్లమెంటు దగ్గర అధికారం తీసుకున్నాడు. కింది సభలో 416 మంది అనుకూలం, వ్యతిరేకం ఒక్కరూ లేరు. సెనేట్‌లో 88 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. ఆ ఇద్దరూ వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్. 1965 ఫిబ్రవరి 7న ప్లేకు దగ్గర అమెరికా స్థావరం మీద గెరిల్లాలు దాడి చేశారు. దానికి బదులుగా ఉత్తర వియత్నాం మీద బాంబులు వేయడం మొదలైంది. బాంబులు వేసే విమానాలకు స్థావరం కావాలి. స్థావరానికి కాపలా కావాలి. ఆ కాపలాకని మార్చి 8న దనాంగ్ దగ్గర 3,500 మంది మెరీన్లు దిగారు. నెల తిరగకముందే, కాపలా అంటే కంచె లోపల కూర్చోవడం కాదు, బయటికి పోయి వెతకాలి అన్నారు. వెతకడానికి ఇంకా మనుషులు కావాలి. జూన్‌లో జనరల్ వెస్ట్‌మోర్‌లాండ్ 44 బెటాలియన్లు కావాలని అడిగాడు. మొదటి 3,500 మందిని ఎందుకు పంపారో అప్పటికే ఎవరికీ గుర్తు లేదు.

మెరీన్లు దిగడాన్ని వ్యతిరేకించింది ఎవరనుకుంటున్నారు? అదే మాక్స్‌వెల్ టేలర్. నాలుగేళ్ళ కింద సైన్యం పంపుదామన్న ఆయన అప్పటికి సైగాన్‌లో రాయబారిగా ఉన్నాడు. దగ్గరగా ఉండి చూశాక ఆయన మాట మారింది. ఒకసారి దిగితే ఆపడం కష్టమని, ఆసియా అడవుల్లో గెరిల్లా యుద్ధానికి తెల్ల సైనికుడు పనికిరాడని ఫిబ్రవరిలోనే వాషింగ్టన్‌కు తంతి పంపాడు. ఉపాధ్యక్షుడు హంఫ్రీ కూడా వద్దని ఉత్తరం రాశాడు. దాని ఫలితం ఆయనను చాలాకాలం యుద్ధం సమావేశాలకు పిలవకపోవడం. పెద్దల సభలో ఎదురు మాట్లాడినవాణ్ణి మరుసటిసారి కబురు లేకుండా పక్కన పెట్టడం మనకు తెలియని పద్ధతేం కాదు.

జూలైలో అసలు సమావేశాలు జరిగాయి. జార్జ్ బాల్ మళ్ళీ వద్దన్నాడు. ఇప్పుడు వెనక్కి వస్తే ప్రపంచంలో మన మాటకు విలువ ఉండదు కదా అని జాన్సన్ అడిగాడు. ఇంత బలమైన దేశం కొద్దిమంది గెరిల్లాలను ఓడించలేకపోయిందని లోకం అనుకుంటే దానికన్నా పెద్ద దెబ్బ ఉండదని బాల్ జవాబిచ్చాడు. సెనేట్‌లో జాన్సన్ పార్టీ నాయకుడు మైక్ మాన్స్‌ఫీల్డ్ వద్దన్నాడు. జాన్సన్ స్నేహితుడు, లాయరు క్లార్క్ క్లిఫర్డ్ వద్దన్నాడు. ఈ క్లిఫర్డ్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు. ఇటువైపు సేనాధిపతులు పంపాలన్నారు. కానీ వాళ్ళదీ ఒక షరతు ఉంది. యుద్ధమే చేస్తే రిజర్వు బలగాలను పిలవాలి, దేశానికి ఇది యుద్ధమని చెప్పాలి అన్నారు. జాన్సన్ రెండు పక్షాల మాటా వినలేదు. ఆ రోజుల్లోనే ముసలివాళ్ళ వైద్యానికి, నల్లవాళ్ళ ఓటు హక్కుకు ఆయన పెట్టిన చట్టాలు ఆమోదం కోసం ఎదురుచూస్తున్నాయి. యుద్ధం అంటే ఆ డబ్బు, ఆ మద్దతు పోతాయని భయం. అందుకని జూలై 28న మధ్యాహ్నం, మామూలు విలేకరుల సమావేశంలో, 75,000 మందిని 1,25,000 చేస్తున్నామని, అవసరమైతే తర్వాత ఇంకా పంపుతామని చెప్పి ముగించాడు. వద్దన్నవాళ్ళు చెప్పిన ప్రమాదం అట్లాగే ఉంది. కావాలన్నవాళ్ళు అడిగిన షరతు తీరలేదు. రెండింటి మధ్య దారి అంటే మంచిదని మనం అనుకుంటాం. అక్కడ ఆ మధ్య దారిలో రిజర్వు బలగాల బదులు నిర్బంధ సైనిక చట్టం కింద పిల్లలను పట్టుకుపోయారు. కాలేజీలో చదివేవాళ్ళకు మినహాయింపు ఉండేది. కాబట్టి పోయినవాళ్ళు ఎక్కువగా ఎవరి పిల్లలో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ప్లేకు దగ్గరికి వద్దాం. ప్లేకు దక్షిణ వియత్నాంలో మధ్య ఎత్తుకొండల ప్రాంతం. అక్కడ ఉండేవాళ్ళు జరాయ్‌లు. చుట్టుపక్కల రాడేలు, బహ్నార్‌లు, సెడాంగ్‌లు, కోహోలు, మ్నోంగ్‌లు. ఫ్రెంచివాళ్ళు అందరినీ కలిపి కొండవాళ్ళు అనే అర్థంలో మోంతాన్యార్లు అన్నారు. మైదానం వియత్నామీయులు 'మోయ్' అనేవారు, అంటే అనాగరికులు. పేరు పెట్టే హక్కు ఎప్పుడూ ఎదుటివాడిదే కదా. వాళ్ళదీ మన పోడు లాంటి సాగే. అడవి నరికి, కాల్చి, కొన్నేళ్ళు పండించి, నేలకు విశ్రాంతి ఇచ్చి ఇంకో చోటికి పోవడం. జరాయ్ మాటలో 'ప్లే' అంటే ఊరు, 'ఇయా' అంటే నీళ్ళు, ఏరు. మన కోయలో, గోండిలో నీళ్ళను ఏర్ అన్నట్టు. యుద్ధ చరిత్రల్లో ఇయా డ్రాంగ్ అని, డాక్ తో అని, ప్లే మే అని వచ్చే పేర్లు సైనిక పటంలో గుర్తులుగా కనబడతాయి. అవి ఎవరో ఒకరి ఊరు, ఎవరో నీళ్ళు తెచ్చుకునే ఏరు.

యుద్ధానికి ముందే వాళ్ళ నేల పోవడం మొదలైంది. 1954 తర్వాత సైగాన్ ప్రభుత్వం మైదానం జనాన్ని తెచ్చి కొండల్లో స్థిరపరిచింది. దానిమీద 1958లో కొండజాతుల చదువుకున్న యువకులు బజరకా అనే సంఘం పెట్టారు. బహ్నార్, జరాయ్, రాడే, కోహో అనే నాలుగు పేర్ల మొదటి అక్షరాలు కలిపిన పేరు అది. మా నేల మాకు, మా పాలన మాకు అని అర్జీ పెట్టారు. నాయకుడు వై భామ్ ఎనువోల్‌ను జైల్లో వేశారు. 1961 నుంచి అమెరికా ప్రత్యేక బలగాలు బువోన్ ఎనావో అనే రాడే ఊరితో మొదలుపెట్టి కొండ యువకులకు తుపాకులు ఇచ్చాయి. 1964 సెప్టెంబరులో ఆ తుపాకులు పట్టిన యువకులే బువోన్ మా థువోత్ చుట్టూ ఉన్న శిబిరాల్లో సైగాన్ మీద తిరగబడ్డారు. పీడిత జాతుల విముక్తి కోసం ఐక్య సంఘటన అని పేరు పెట్టుకున్నారు. పొట్టిపేరు ఫుల్రో. అమెరికావాళ్ళు మధ్యలో ఉండి నచ్చజెప్పారు. ఉత్తరం వైపు కమ్యూనిస్టులు కూడా కొండజాతులకు స్వయంపాలన ఇస్తామన్నారు. కొండజనం కొందరు అటు, కొందరు ఇటు పోయారు. ఎటు పోయినా చేతికి వచ్చింది తుపాకి, నేల కాదు.

1965 నవంబరులో ఇయా డ్రాంగ్ లోయలో అమెరికా సైన్యానికి, ఉత్తర వియత్నాం సైన్యానికి మొదటి పెద్ద యుద్ధం జరిగింది. నాలుగైదు రోజుల్లో 230 మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. అవతలి వైపు అంతకు ఎన్నో రెట్లు. వెస్ట్‌మోర్‌లాండ్ దీన్ని గెలుపు అన్నాడు. చచ్చినవాళ్ళ లెక్కలో మనదే పైచేయి, ఇట్లాగే చంపుకుంటూ పోతే ఒకరోజు వాళ్ళు పూడ్చుకోలేరు అనేది ఆయన ఆలోచన. రక్షణ మంత్రి మెక్‌నమారా ఆ నెలలోనే అక్కడికి పోయి చూసి వచ్చి, అడిగినంత పంపినా గెలుపుకు హామీ లేదని, నెలకు 1,000 మంది అమెరికన్లు చనిపోయే పరిస్థితి రావచ్చని అధ్యక్షుడికి రాశాడు. అయినా పంపమనే సలహా ఇచ్చాడు! లోపల ఒక నమ్మకం, కాగితం మీద ఇంకో సంతకం. ఆయన కథంతా అదే.

సైన్యంలో కూడా ఒకే మాట లేదు. వెస్ట్‌మోర్‌లాండ్ కొండల్లోకి పోయి శత్రువును వెతికి చంపాలన్నాడు. అక్కడ జనం తక్కువ, ఫిరంగులు, బాంబులు ధారాళంగా వాడుకోవచ్చు అన్నది ఆయన వాదనలో ఒక భాగం. మెరీన్ల జనరల్ క్రులాక్ దీనికి ఎదురు తిరిగాడు. జనం ఉన్నది సముద్రం పక్క మైదానంలో, యుద్ధం జనం కోసం, కొండల్లో శత్రువు వెంట పరుగెత్తితే మన మనుషులు చావడం తప్ప లాభం లేదు అన్నాడు. జనరల్ గావిన్ 1966లో సెనేట్ విచారణలో, ఉన్న సైన్యంతో తీరం స్థావరాలు కాపాడుకుంటే చాలు, పెంచవద్దు అన్నాడు. సైనిక దృష్టితో చూస్తే క్రులాక్, గావిన్ల మాటే తెలివైనదని చాలామంది చరిత్రకారులు రాశారు.

మనం చూడవలసింది ఇంకొకటి. ఒకరేమో జనం లేని చోటు కాబట్టి కొండల్లో యుద్ధం చేద్దాం అన్నాడు. ఇంకొకరు జనం లేని చోటు కాబట్టి కొండల్లో యుద్ధం వద్దు అన్నాడు. ఇద్దరికీ కొండలు ఖాళీయే! పది లక్షల దాకా ఉన్న కొండజనం ఇద్దరి లెక్కలోనూ జనం కాలేదు.

అక్కడ జరిగింది మాత్రం ఖాళీ నేల మీద జరిగేది కాదు. ఊళ్ళు ఖాళీ చేయించి, ఆ చోట్లను ఎవరు కనబడినా కాల్చే ప్రాంతాలుగా ప్రకటించారు. 1967లో ప్లేకు దగ్గర వేలమంది జరాయ్‌లను వాళ్ళ ఊళ్ళ నుంచి తరలించి ఎడాప్ ఎనాంగ్ అనే శిబిరంలో పెట్టారు. చాలామంది అక్కడినుంచి పారిపోయి సొంత ఊళ్ళకు తిరిగిపోయారు. గెరిల్లాలకు తిండి దొరకకూడదని పంటల మీద మందు చల్లారు. ఆకులు రాల్చే మందులు మొత్తం దేశం మీద 7 కోట్ల లీటర్లకు పైగా పోశారు. పంటల మీద చల్లినదాంట్లో ఎక్కువ భాగం కొండల్లోనే. కొండ వాలు మీద కనబడే పంట శత్రువుదో, కొండవాడిదో పై నుంచి పోయే విమానానికి ఏం తెలుస్తుంది?

మన మన్యం చరిత్రలో కూడా ఇట్లాంటి లెక్క ఉంది. 1922-24లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొరల పితూరీని అణచడానికి మలబారు స్పెషల్ పోలీసులు వచ్చారు, వాళ్ళు చాలక చివరికి అస్సాం రైఫిల్స్ వచ్చారు. ఏ బలగం ఎప్పుడు దిగిందో, దామనపల్లి ఘాట్‌లో ఏ దొరలు చనిపోయారో పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ రెండేళ్ళు ఊళ్ళలో పోడు సాగిందా, ఆడవాళ్ళు సంతకు పోగలిగారా అన్నది ముసలివాళ్ళ నోటి మాటల్లోనే వెతుక్కోవాలి. ఆ ముసలివాళ్ళు కూడా ఇప్పుడు లేరు.

1967కి వద్దాం. మార్చిలో వెస్ట్‌మోర్‌లాండ్ మళ్ళీ అడిగాడు. అప్పటికి ఒప్పుకున్నది 4,70,000. కనీసం ఇంకో లక్ష, బాగా కావాలంటే రెండు లక్షలు అన్నాడు. ఏప్రిల్ 27న వైట్ హౌస్‌లో జాన్సన్ ఆయనను సూటిగా అడిగాడు. మనం డివిజన్లు పెంచితే వాళ్ళు పెంచరా, అట్లయితే దీనికి అంతం ఎక్కడ అని. 5,65,000 మందితో మూడేళ్ళు, 6,65,000 మందితో రెండేళ్ళు పట్టవచ్చని జనరల్ చెప్పాడు. లక్ష మంది కొడుకులకు ఒక ఏడాది తగ్గింపు. బజారులో బేరం లాగే ఉంది.

ఆ మాటకు అసలు జవాబు రక్షణ శాఖలోని లెక్కల విభాగం ఇచ్చింది. దాని అధికారి ఆలన్ ఎంథోవెన్ యుద్ధ నివేదికలన్నీ తీసి, ప్రతి పోరు ఎవరు మొదలుపెట్టారో చూశాడు. ఎక్కువ పోరులు ఎక్కడ, ఎప్పుడు జరగాలో నిర్ణయిస్తున్నది శత్రువేనని తేలింది. అంటే శత్రువు తన నష్టాన్ని తానే అదుపులో పెట్టుకోగలడు. కావాలంటే పోరాడతాడు, ఎక్కువ నష్టం వస్తే అడవిలోకి తప్పుకుంటాడు. కాబట్టి సైన్యాన్ని ఎంత పెంచినా చంపే లెక్క పెరగదు. గుట్టలు, వాగులు తెలిసినవాడికి ఇది కొత్త సంగతి కాదు. వాషింగ్టన్‌లో మాత్రం కంప్యూటరు పట్టికలతో రుజువు చేయాల్సి వచ్చింది. మెక్‌నమారా మే నెలలో పెంపు వద్దని రాశాడు. చివరికి 5,25,000 దగ్గర గీత గీశారు. ఆ ఏడాది ముగిసేలోపే మెక్‌నమారా పదవి వదలడం ఖాయమైంది.

1968 జనవరి 30, 31 తేదీల్లో వాళ్ళ కొత్త సంవత్సరం పండుగ టెట్ నాడు దేశమంతటా ఒకేసారి దాడులు జరిగాయి. మొదటి రాత్రే ప్లేకు, కొంటూమ్, బువోన్ మా థువోత్ పట్టణాలు దెబ్బతిన్నాయి. సైగాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలోకే గెరిల్లాలు వచ్చారు. దాడి చేసినవాళ్ళు చాలాచోట్ల ఎక్కువ కాలం నిలబడలేకపోయారు, విపరీతంగా చనిపోయారు. కానీ గెలుపు దగ్గర్లో ఉందని నెలల తరబడి చెప్పిన మాట ఆ ఒక్క రాత్రిలో కూలిపోయింది.

ఫిబ్రవరి చివర సేనాధిపతుల సంఘం అధ్యక్షుడు జనరల్ వీలర్ సైగాన్ పోయి వచ్చి 2,06,000 మంది కావాలన్నాడు. దీనిలో ఒక మెలిక ఉంది. ఆ మందిలో సగం మాత్రమే వియత్నాంకు ముందు పోవలసినవాళ్ళు. మిగిలినవాళ్ళతో ఖాళీ అయిపోయిన దేశ రిజర్వు బలగాన్ని నింపుకోవాలని వీలర్ ఆలోచన. 1965లో జరగని పనిని ఈ దెబ్బతో జరిపించుకుందామని. సైగాన్‌లో పరిస్థితి ప్రమాదంగా ఉందని చెబితేనే అది సాధ్యం. వెస్ట్‌మోర్‌లాండేమో టెట్‌లో మనమే గెలిచాం అంటున్నాడు. గెలిస్తే ఇంకా రెండు లక్షల మంది ఎందుకు?

ఆ ప్రశ్న అడిగింది మార్చి 1న కొత్త రక్షణ మంత్రి అయిన క్లార్క్ క్లిఫర్డ్. 1965లో వద్దన్నా, ఆ తర్వాత మూడేళ్ళు యుద్ధాన్ని బలపరిచినవాడు. అందుకే ఆయన్ని పెట్టుకున్నారు. సేనాధిపతులను కూర్చోబెట్టి అడిగాడు. ఈ రెండు లక్షలు సరిపోతాయా? చాలకపోతే ఇంకెంత? ఎంత కాలం? శత్రువు కూడా పెంచితే? గెలవడానికి పథకం ఏమిటి? ఒక్కదానికీ సూటి జవాబు రాలేదు. వాళ్ళు అలసిపోయేదాకా పోరాడటమే పథకం అని అర్థమైంది. ఎప్పుడు అలసిపోతారో ఎవరూ చెప్పలేకపోయారు.

మిగతాది త్వరగా జరిగిపోయింది. మార్చి 10న న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2,06,000 సంగతి బయటపెట్టింది. 12న న్యూహాంప్‌షైర్ ఎన్నికలో యుద్ధాన్ని వ్యతిరేకించే మెకార్తీకి 42 శాతం ఓట్లు వచ్చాయి. నెలాఖరులో పాత మంత్రులు, పెద్దలను పిలిచి అడిగితే, కొద్ది నెలల కింద యుద్ధాన్ని సమర్థించినవాళ్ళలో ఎక్కువమంది బయటపడమన్నారు. మార్చి 31న జాన్సన్ ఉత్తర వియత్నాంలో చాలా భాగం మీద బాంబులు ఆపుతున్నానని, తాను మళ్ళీ పోటీ చేయనని ప్రకటించాడు. అడిగిన 2,06,000 బదులు ఇంకో 13,500 మందిని పంపుతామన్నాడు. 1969లో 5,43,000 దాకా పోయి ఆ అంకె దిగడం మొదలైంది. పూర్తిగా దిగేలోపు 58,000 మంది అమెరికన్లు, లక్షల లక్షల మంది వియత్నామీయులు చనిపోయారు.

కొండజనం ఎంతమంది చనిపోయారో ఏ సైన్యమూ లెక్క పెట్టలేదు. వాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి తిరిగిన మానవశాస్త్రవేత్త జెరాల్డ్ హికీ అంచనా 2,00,000 పైమాటే. ఊళ్ళలో నూటికి 85 వదిలిపోవలసి వచ్చిందని కూడా ఆయనే అంచనా వేశాడు. 1975 మార్చిలో ఉత్తర వియత్నాం చివరి దాడి మొదలైంది కూడా కొండల్లోనే, బువోన్ మా థువోత్ మీద. దేశం ఒకటయ్యాక ఉత్తరంలో అప్పటిదాకా ఉన్న కొండజాతుల స్వయంపాలన ప్రాంతాలను కూడా రద్దు చేశారు. మైదానం జనం కొండల్లోకి రావడం ఈసారి ఇంకా పెద్ద ఎత్తున సాగింది. ఇప్పుడు ఆ కొండలు కాఫీకి పేరు పొందాయి.

ఫుల్రో యోధులు కొందరు కాంబోడియా అడవుల్లోకి పోయారు. 1992లో ఐక్యరాజ్యసమితి బలగాలు అక్కడికి వచ్చినప్పుడు నాలుగు వందల మంది దాకా, కుటుంబాలతో సహా, ఆ అడవిలో ఇంకా ఉన్నారు. తమ నాయకుడు వై భామ్ ఎనువోల్ ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్నామని చెప్పారు. ఆయనను 1975లోనే ఖ్మేర్ రూజ్ వాళ్ళు చంపేశారని పదిహేడేళ్ళ తర్వాత వాళ్ళకు తెలిసింది. తుపాకులు అప్పగించి, అమెరికాలోని ఉత్తర కరోలినాకు వెళ్ళిపోయారు.